గేటు తీసే మనిషి

శాండ్‌విచ్‌లు చుట్టడం అయిపోయాక పీచ్ పండ్ల సీసాలను ఐస్ పెట్టె అడుగున నిలబెట్టి, వాటి మధ్య తువ్వాళ్ళు కుక్కుతున్నాను. ఆ రాళ్ళ దారిలో సీసాలు ఒకదానికొకటి కొట్టుకుని పగిలితే, మధ్యాహ్నానికి రొట్టెలన్నీ పాకంలో తేలుతాయి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అలాగే అయింది. పెట్టె సర్దడం కూడా రాకపోతే ఎలాగని ఆరిన్ అప్పుడు అన్నాడు. అరిచి అనలేదు, నవ్వుతూనే అన్నాడు. అందుకే ఇంకా మర్చిపోలేదేమో. అరిచినవి కొన్నాళ్ళకి పోతాయి, నవ్వుతూ అన్నవి ఉండిపోతాయి.

ఆరిన్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, చక్రాల్లో గాలి చూసుకున్న చేతులు నా గిన్నెలు కడిగే తొట్టిలోనే కడుక్కుంటూ చెప్పాడు.

"ఇవాళ నువ్వు చివరి సీట్లో కూర్చో జనీల్. ముందు నా పక్కన బుష్‌నెల్ గారు, మధ్య సీట్లో వాళ్ళావిడ. పాపం అంత దూరం నుంచి చూడ్డానికొచ్చారు. నువ్వు చూసిందేగా."

సరేనన్నాను. చివరి సీటంటే ఐస్ పెట్టె పక్కన, నీళ్ళ డబ్బాలకీ తాళ్ళకీ నడుమ మిగిలిన చోటు. దిగాలంటే వెనక తలుపు లోంచి దిగాలి. అయినా చూసిందేగా అన్న మాటే నా చెవిలో ఆగిపోయింది. నిజంగా చూశానా అని పీచ్ సీసాల మధ్య చివరి తువ్వాలు దోపుతూ ఆలోచించాను. ఎర్ర కొండల దేశంలో పుట్టి, ఎర్ర కొండల దేశంలోకే కోడలిగా వచ్చి, ఇంత వయసు వచ్చాక ఒక మనిషి తనను తాను అడగాల్సిన ప్రశ్న కాదిది.

ఆరిన్ ఈ వసంతంలోనే ఉద్యోగం మానుకున్నాడు. కౌంటీ తరఫున మట్టి రోడ్లు చదును చేసే బండి నడిపేవాడు. ఇంట్లో కూర్చోలేని మనిషి. పాత పొడుగాటి బండి ఒకటి కొని, ఊళ్ళోకి వచ్చే యాత్రికులను పీఠభూమి మీదికి వెళ్ళే లోపలి దారిలో తిప్పుతానని వేసవంతా చెబుతూ వచ్చాడు. ఒహాయో నుంచి వచ్చిన బుష్‌నెల్ దంపతులు మొదటి అతిథులు. దారి ఆరిన్‌ది, కథలు ఆరిన్‌వి. భోజనం నాది, గేట్లు నావి. ఇదంతా నన్ను అడిగి పెట్టుకున్నది కాదు. అతను ఎవరికో ఫోన్లో చెబుతుంటే నేను దిండు గలీబులు మడతపెడుతూ విన్నాను. "మా ఆవిడ భోజనం చేసి పెడుతుంది, తనకి అదో సరదా," అంటున్నాడు.

అప్పటికే నా దగ్గర ఒక మాట ఉంది. నేను మా ఊరి బడి వంటగదిలో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. దూరపు పశువుల కొట్టాల దగ్గర ఉండే పిల్లల్ని తీసుకొచ్చే బస్సు నడిపే ఆయన మోకాళ్ళ నొప్పులతో మానేశారు. నేను నడుపుతానా అని బడి వాళ్ళు అడిగారు. మా నాన్న పొలంలో గడ్డి బండి నడిపిన పిల్లనని వాళ్ళకి ఎలా తెలిసిందో తెలియదు. ఇంకా స్టీరింగ్ పైనుంచి కళ్ళు కనబడని వయసులోనే నాన్న నన్ను దిండు మీద కూర్చోబెట్టి నడిపించేవాడు. పెళ్ళయ్యాక బజారు దాకా, చర్చి దాకా తప్ప నడపలేదు. లోపలి దారుల్లో ఆరిన్ ఇవ్వలేదు. అది ఆడవాళ్ళ చేతికి లొంగే దారి కాదనేవాడు. మా అత్తగారు ఆఫ్టన్ దానికి ఇంకాస్త కలిపేవారు. "మా ఇంట్లో ఆడవాళ్ళు బండి పట్టుకోలేదమ్మా. పట్టుకోకుండానే అన్ని చోట్లకీ వెళ్ళాం," అనేవారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. ఆవిడ మాటలన్నీ అలాంటివే.

సోమవారం పొద్దున బడి వాళ్ళకి జవాబు చెప్పాలి. మా విశ్వాసంలో ఇలాంటప్పుడు ప్రార్థన చేసి దేవుడి జవాబు కోసం ఎదురుచూస్తాం. నెల మొదటి ఆదివారం అందరితో పాటు ఉపవాసం ఉన్నాను, ఆ ఉపవాసం ఈ ప్రశ్న కోసమే చేశాను. మంచం పక్కన మోకాళ్ళ మీద ఉన్నాను. బట్టలుతికే గదిలో, మిషన్ తిరుగుతుండగా అడిగాను. నాకేమీ వినబడలేదు. అసలు నాకు ఒక మాట వినబడాలంటే ఇంట్లో ఎప్పుడు నిశ్శబ్దంగా ఉందని? ఈలోగా ఆరిన్ ఒకరోజు రాత్రి భోజనం దగ్గర, బంగాళాదుంపలు ఇంకా ఉన్నాయా అని అడిగే గొంతుతోనే చెప్పాడు.

"నీ బస్సు సంగతి నేనూ ప్రార్థించాను. నాకు జవాబు వచ్చింది. నువ్వు నాతోనే ఉండాలి."

నేను విశ్వాసం ఉన్న మనిషిని. ఇంటి పెద్దకి ఇంటి విషయాలు తెలుస్తాయని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ దేవుణ్ణి నెమ్మదిగా అడిగాను. ప్రశ్న నాది, ఆకలి నాది, మోకాళ్ళు నావి, జవాబు మాత్రం అతని చేతికి ఎందుకిచ్చావు? అడిగినందుకు భయం వేసింది. కాసేపటికి భయం పోయి అలసట మిగిలింది.

*

బయల్దేరే ముందు బండి పక్కన నిలబడి ఆరిన్ ప్రార్థన చేశాడు. బుష్‌నెల్ గారు టోపీ తీశారు, ఆవిడ తాము తెచ్చుకున్న కాఫీ ఫ్లాస్కును మర్యాదగా వెనక్కి దాచుకుంది. మా విశ్వాసం వాళ్ళ ఇళ్ళల్లో కాఫీ ఉండదని ఆమెకి ఎవరో చెప్పినట్టున్నారు. దారి కోసం, చక్రాల కోసం, వాన రాకుండా ఉండడం కోసం, దూరం నుంచి వచ్చిన ఈ మిత్రుల కోసం ఆరిన్ పేరుపేరునా అడిగాడు. చివర్లో భోజనాన్ని, దాన్ని తయారుచేసిన చేతులను దీవించమన్నాడు. ఆ మాట మా వాళ్ళందరూ అనేదే, నేను వేలసార్లు విన్నదే. ఆ పొద్దున మాత్రం నా చేతుల వైపు చూసుకున్నాను. దీవెనలో అవి ఎప్పుడూ ఉంటాయి. మణికట్టు దాటి పైన ఉన్న మనిషి దగ్గరికి ఆ దీవెన ఎప్పుడూ వచ్చినట్టు లేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. లోపలి దారులన్నీ పశువులు మేసే నేలల మీదుగా వెళ్తాయి, కొంత దూరానికొకసారి ముళ్ళకంచె అడ్డం వస్తుంది, కంచెలో గేటు ఉంటుంది. బండి నడిపేవాళ్ళు గేటు తీయరు, పక్కన కూర్చున్నవాళ్ళు తీస్తారు. మూసి ఉన్న గేటును మళ్ళీ మూయాలి, తెరిచి ఉన్నదాన్ని తెరిచే వదలాలి. గేటంటే తలుపులా తిరిగేది కాదు. నాలుగు వరసల ముళ్ళ తీగ, వాటిని నిలబెట్టే కర్రలు. చివరి కర్ర, కంచె స్తంభానికి కింద ఒక తీగ ఉచ్చులో, పైన ఒక తీగ ఉచ్చులో బిగించి ఉంటుంది. భుజాన్ని స్తంభానికి ఆనించి, కర్రను కౌగిలించుకున్నట్టు పట్టి గుంజితే తప్ప పై ఉచ్చు ఊడదు. వదిలేస్తే గేటంతా కాళ్ళ దగ్గర కుప్పకూలుతుంది. దాన్ని ఈడ్చుకుంటూ పక్కకి తీసుకెళ్ళాలి, బండి వెళ్ళాలి, బండి లేపిన దుమ్ము తిని మళ్ళీ ఈడ్చుకొచ్చి బిగించాలి, అప్పుడు పరుగున వెళ్ళి బండి ఎక్కాలి. పరుగున అని ఎవరూ చెప్పలేదు. ఇంజన్ ఆగకుండా మోగుతుంటే కాళ్ళే పరిగెడతాయి.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ పక్కన కూర్చున్నది నేనే. కడుపుతో ఉన్నప్పుడూ నేనే తీశాను, పసివాణ్ణి సీట్లో పడుకోబెట్టి దిగినప్పుడూ నేనే. కుడి ముంజేతి మీద తీగ గీసిన పాత గీతలు ఇంకా తెల్లగా కనిపిస్తాయి. ఈ దేశాన్ని నేను గేట్లతో గుర్తుపెట్టుకున్నాను. ఉచ్చు తుప్పుపట్టిన గేటు, జునిపర్ చెట్టుకే కట్టేసిన గేటు, అవతల ఎప్పుడూ బురద ఉండే గేటు. కొండల్ని అడిగితే నాకు చెప్పడం రాదు.

ఆ రోజూ అలాగే దిగాను, ఎక్కాను. దిగినప్పుడల్లా వెనక తలుపు మూసెయ్, దుమ్ము లోపలికొస్తుందని ఆరిన్ ముందు సీట్లోంచే చెప్పాడు. మూశాను. నేను ఎక్కి తలుపు వేసుకున్న చప్పుడు వినగానే బండి కదిలేది. మొదటి గేటు దగ్గర బుష్‌నెల్ గారు సాయానికి దిగబోయారు. "కూర్చోండి సార్, తనకి అలవాటే," అని ఆరిన్ ఆయన మోకాలు తట్టాడు. బండి ఎండువాగులు దాటింది, రాతి మెట్ల మీద ఒక్కో చక్రం మోపుతూ ఎక్కింది. అలాంటి చోట నేను ముందుకు వెళ్ళి బండికి ఎదురుగా వెనక్కి నడుస్తూ, కుడికి, ఎడమకి, ఇక ఆగు అని చేతులతో చూపించాలి. ఆ చోట్లు చాలా అందంగా ఉంటాయట. నా వెనక ఏముందో ముందు అద్దంలోంచి వాళ్ళు ముగ్గురూ చూస్తున్నారు. నేను చక్రాలు చూస్తున్నాను.

పీఠభూమి అంచున భోజనం. కింద ఎర్ర గోడలు, వాటి మధ్య దారం ముక్కలా నది. వాళ్ళు అంచు దగ్గర రాతి మీద కూర్చున్నారు. నేను బండి వెనక బల్ల వేసి, గాలికి ఎగిరే కాగితాల మీద పీచ్ సీసాలు పెట్టాను. ఆవిడ వెనక్కి తిరిగి, మీరూ వచ్చి కూర్చోండి, ఇంత బాగుంటే అంది. ఆమె మంచిది. జవాబు ఆరిన్ చెప్పాడు.

"మా జనీల్ కూర్చోలేదండీ. కూర్చోబెడితే జబ్బు చేస్తుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళలో నేను నవ్విన నవ్వుల్ని ఎవరైనా ఎత్తి చూపిస్తే, అందులో నావి ఎన్ని ఉంటాయో.

*

తిరుగు దారిలో ఎండ ఇంకా తగ్గలేదు. ఆవిడ మధ్య సీట్లో కునుకు తీస్తోంది. ఆరిన్ తనకి ఇష్టమైన కథ ఎత్తుకున్నాడు. వాళ్ళ ముత్తాత మంచులో బళ్ళు తోలుకొచ్చి, కొండ చీలికలోంచి తాళ్ళు కట్టి ఆ బళ్ళను కిందికి దింపిన కథ. నాకు కంఠతా వచ్చు. ఆ కథలో ఎద్దులకి పేర్లున్నాయి. బండి వెనక తాడు పట్టుకుని మడమలు నేలకి తన్ని నిలబడ్డ ముత్తవ్వ ఉంది కానీ ఆమెకి పేరు లేదు. నాకు తెలుసు, కెటూరా. ఏటా సమాధులు శుభ్రం చేసే రోజున ఆ రాతి మీది నాచు గీకేది నేనే.

జునిపర్ చెట్టుకి కట్టిన గేటు వచ్చింది. దిగాను, తలుపు మూశాను, ఉచ్చు ఊడదీసి గేటు ఈడ్చాను. బండి దాటి కాస్త ముందుకెళ్ళి ఆగింది. కథ సరిగ్గా చీలిక దగ్గరికి వచ్చినట్టుంది, కిటికీ లోంచి ఆరిన్ చెయ్యి గాలిలో బండిని దింపుతోంది. నేను కర్రను కింది ఉచ్చులో పెట్టి, భుజంతో తోసి, పై ఉచ్చు బిగిస్తున్నాను. ఆవిడ నిద్రలేచి, ఒడిలో పడ్డ రొట్టె పొడి దులపడానికి తన తలుపు తెరిచి దులిపి మూసింది.

తలుపు చప్పుడైంది. బండి కదిలింది.

చెయ్యెత్తాను. అరవలేదు. ఎందుకు అరవలేదో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. దుమ్ము ఎర్రగా లేచి, మలుపు దాకా వెళ్ళి, మలుపు తిరిగింది. ఇంజన్ మోత కొంతసేపు వినబడింది. ఆ తర్వాత అదీ పోయింది.

ముందు కోపం వచ్చింది. తర్వాత, ఇప్పుడే వస్తారులే అనుకున్నాను. గేటు పక్కనే నిలబడ్డాను, పిలిస్తే పరిగెత్తడానికి సిద్ధంగా. కాళ్ళు ఇంకా పరుగు మీదే ఉన్నాయి. వాళ్ళు రాలేదు. దుమ్ము నెమ్మదిగా సేజ్ పొదల మీద వాలింది. దుమ్ము వాలాక ఎదురుగా గోడ కనబడింది.

ఆ గోడ ఎప్పుడూ అక్కడే ఉంది. దాని ముందు ఎన్నిసార్లు గేటు తీశానో. పైనుంచి కిందికి నల్లటి చారలు, ఎవరో జుట్టు విరబోసుకుని వెనక్కి తిరిగి నిలబడ్డట్టు. మధ్యలో ఒక తొర్ర, అందులో పచ్చగా ఏదో చెట్టు. అంత ఎత్తున దానికి నీళ్ళు ఎక్కడివి? ఒక కాకి గోడ వెంబడి వెళ్తుంటే, దాని రెక్కల చప్పుడు, ఒట్టి రెక్కల చప్పుడు, నాకు వినబడింది. జునిపర్ నీడలో రాతి మీద కూర్చున్నాను. జబ్బు చేయలేదు.

మోకాళ్ళ మీదికి వంగలేదు, కళ్ళు మూసుకోలేదు. తండ్రీ, ఇంకోసారి అడుగుతున్నాను, అన్నాను. ఆకాశం నుంచి మాట ఏదీ రాలేదు. కానీ నేను అడిగి ముగించాక, ఉప్పు ఎక్కడుందని ఎవరూ పిలవలేదు, మిషన్ మోగలేదు, ఇంజన్ మోగలేదు. నా ప్రశ్న నా పక్కనే కూర్చుని ఉంది. దాన్ని తిన్నగా చూశాను. అప్పుడు, తెల్లవారుజామున ఖాళీ బస్సులో నేను ఒక్కదాన్నే దుమ్ము దారిలో వెళ్తున్నట్టు, పక్కన ఈ గోడల మీద మొదటి వెలుగు పడుతున్నట్టు, దూరంగా భోజనం డబ్బాలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు కనబడుతున్నట్టు అనిపించింది. గుండె కుదుటపడింది. మా వాళ్ళు దీన్నే జవాబంటారు. ఇన్నాళ్ళూ రాలేదనుకున్నాను, నిలబడే చోటు దొరక్క ఆగిందేమో.

బండి వచ్చేసరికి జునిపర్ నీడ నా కాళ్ళు దాటి చాలా దూరం జరిగింది. ఆరిన్ దిగి, రెండు చేతులూ చాచి నవ్వుతూ వచ్చాడు. నవ్వు కింద భయపడ్డ ముఖం ఉంది. అది చూసి జాలి వేయకపోలేదు.

"ఏంటి జనీల్, ఒక్క కేక వెయ్యకూడదూ? తలుపు చప్పుడైంది, ఎక్కావనుకున్నాను."

బుష్‌నెల్ గారి భార్య నీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. అంతా తన వల్లేనని, తలుపు తనే వేశానని ఒకటే చెప్పుకుంది. పర్వాలేదని చెప్పి, నేను లేనని ఎప్పుడు చూసుకున్నారని అడిగాను. ఆమె ఆరిన్ వైపు చూసి, చెప్పనా వద్దా అన్నట్టు ఆగి, నెమ్మదిగా చెప్పింది.

"తర్వాతి గేటు దగ్గర. బండి ఆగింది, ఎవరూ దిగలేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాం."

నీళ్ళు తాగాను. సీసా మూత బిగించి ఆమెకి ఇచ్చాను. బండి దగ్గరికి నడిచి, ముందు తలుపు తీసి, స్టీరింగ్ ముందు కూర్చున్నాను. సీటు నాకు దూరంగా ఉంది, ముందుకు లాక్కున్నాను. వెనక చూసే అద్దం నా కళ్ళకి సరిచేసుకున్నాను.

ఆరిన్ కిటికీ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఏం చేస్తున్నావ్? ఇది నీకు తెలిసిన దారి కాదు."

"చక్రాలు ఎక్కడ పెట్టాలో ఇన్నేళ్ళూ నీకు చూపించింది నేనే కదా."

"అతిథుల ముందు ఇదేం బాగుంటుంది? ఆ బస్సు సంగతే అయితే ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. దేవుడు నాకు జవాబు చెప్పాడని నీకు చెప్పాను కూడా."

"నీ పనికి సంబంధించింది నీకు చెప్పి ఉంటాడు ఆరిన్. కాదనను. నా పని సంగతి నాకు చెప్పాడు. సోమవారం వాళ్ళకి సరేనని చెబుతాను."

అతను నా ముఖంలోకి చూశాడు. వెతికాడనాలి. కోపం ఉంటే దానితో ఎలా మాట్లాడాలో అతనికి తెలుసు, ఏడుపు ఉంటే దానితోనూ తెలుసు. రెండూ లేవు. నిజానికి నేను చాలా అలసిపోయి ఉన్నాను. బుష్‌నెల్ గారు ముందు సీట్లోనే ఉన్నారు, ఆవిడ మళ్ళీ మధ్య సీట్లో ఎక్కింది. ఇక మిగిలింది ఐస్ పెట్టె పక్క చోటు. ఆరిన్ వెనక్కి వెళ్ళి ఎక్కాడు. తలుపు చప్పుడైంది. అయినా ఒకసారి అద్దంలో చూసి, అతను ఉన్నాడని తెలుసుకున్నాకే బండి కదిలించాను.

దారి నాకు వచ్చు. నా చేతులకీ కాళ్ళకీ వచ్చు. ముత్తాత బళ్ళు చీలికలోనే వేలాడుతూ ఉండిపోయాయి. ఎర్ర గోడలు అటు ఒకటి, ఇటు ఒకటి ఎదురుగా వచ్చి, పక్కగా వెళ్ళి, వెనక్కి పోతున్నాయి. ముందు అద్దంలోంచి ఇవి ఇలా ఉంటాయన్నమాట.

తర్వాతి గేటు వచ్చింది. ఆపాను. ఇంజన్ మోగుతోంది. నేను రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచాను. కాసేపటికి వెనక తలుపు తెరుచుకుంది.

ఆరిన్ స్తంభం దగ్గరికి వెళ్ళి పై ఉచ్చును వేళ్ళతో గుంజాడు. అది రాలేదు. మా వైపు చూశాడు. భుజం ఆనించాలి. చెప్పాలనిపించింది, దిగాలని కూడా అనిపించింది, కాళ్ళు కదిలాయి కూడా. కాళ్ళను ఉన్నచోటే ఉంచాను. మూడోసారో నాలుగోసారో అతనికదే తెలిసింది. కర్రను కౌగిలించుకుని గుంజాడు, గేటు కాళ్ళ మీద కూలింది, ఈడ్చుకుంటూ పక్కకి తీసుకెళ్ళాడు.

దుమ్ము లేవకుండా నెమ్మదిగా దాటించాను. కాస్త ముందుకెళ్ళి బండి ఆపి, అద్దంలో చూస్తూ, అతను గేటు మూసి వచ్చి ఎక్కేదాకా ఆగాను.